వెనక్కి నడిచిన దోనె

నేను ఒక తాటిదోనెను. పడవ అనకండి. పడవకు పలకలుంటాయి. నన్ను ఒకే మానులోంచి తొలిచారు. ఆ చెట్టు బతికినంతకాలం కల్లిచ్చింది. తాగినవాళ్ళు ఊగారు, చెట్టు ఊగలేదు. దోనెనయ్యాక ఊగడం నా వంతయింది.

నన్ను చేయించుకున్నవాడికి ఈత రాదు. ఆ సంగతి వాడికి నేను తయారయ్యాక గుర్తొచ్చింది. కొన్నాళ్ళు గేదెలు నాలో కుడితి తాగాయి. తరువాత గంగాద్రి నన్ను తెచ్చుకుని, ముక్కుకు పసుపు రాసి గోదావరిలో దించాడు. ఎటు వెళ్ళినా దోనె ముక్కే ముందుండాలి, గంగమ్మకు వీపు చూపకూడదు. అది చేపలు పట్టేవాళ్ళ కట్టుబాటు. నలభై ఏళ్ళు తప్పలేదు.

అతని భార్య పేరంటాలుది మెట్ట ఊరు. నీళ్ళంటే భయం. ఒక్కనాడూ నాలో కాలు పెట్టలేదు. కానీ గోదావరి వైపు గోడకు ఏటా సున్నం కొట్టి, ఎర్రమట్టి పట్టీ దిద్దేది. వేటనుంచి వచ్చే మొగుడికి ఇల్లు దూరంనుంచే కంటికి ఆనాలని.

"గోడ ఆనిందా?" అనేది.

"ఆనింది" అనేవాడు.

వాళ్ళ కాపురంలో మాటలు ఇంతకన్నా పెద్దగా లేవు.

ఒకనాడు కంటి డాక్టరు, చూపు మెల్లగా ఆరిపోతుందని, చూడవలసినవి ఏవైనా ఉంటే చూసుకోమని ఆమెకు చెప్పాడు. ఇంకొకరైతే కాశీ అనేవారు.

"గోదారిమీంచి మనిల్లు సూడాలయ్యా" అంది పేరంటాలు.

గంగాద్రి రెండు రోజులు నా చుట్టూ తిరిగాడు. ఆలోచిస్తున్నాడన్నమాట. తరువాత పని మొదలుపెట్టాడు. ఒంటి దోనె కొత్తవాళ్ళను తిరగేస్తుంది, నేను చాలామందిని తిరగేశాను. అందుకని పక్కింటి నరసింగు దోనెను తెచ్చి, అడ్డకర్రలు వేసి, కొబ్బరితాడుతో ఇద్దరినీ జంట కట్టాడు. దాన్ని సంగడి అంటారు. బోర్లా పడమన్నా పడదు.

"సక్రాలు కూడా ఎట్టెయ్ మావా, ఆటో అయిపోద్ది" అన్నాడు నరసింగు.

గంగాద్రి వినిపించుకోలేదు. గాలి లేని మాఘమాసం చూశాడు. లంక పక్కన నడుములోతు పాయ ఎంచాడు. పోటు తగ్గి నీరు సముద్రం వైపు జారే వేళ బయలుదేరితే శ్రమ లేదు. దిగువ రేవులో దిగి, గట్టు మీద బస్సులో తిరిగి రావచ్చు.

బయలుదేరే ముందు నన్ను వాకిట్లో పెట్టి, నాలో ఆమెను కూర్చోబెట్టి నేర్పాడు. అడ్డకర్ర మీద కాదు, అడుగున కూర్చోవాలి. లేవకూడదు. అంచు మీదికి వాలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, వెనక్కి తిరగకూడదు. పొడినేల మీద కూడా ఆమె కళ్ళు మూసుకుంది. కోళ్ళు చూస్తూ నిలబడ్డాయి.

అనుకున్న రోజున బయలుదేరాం. గంగాద్రి వెనక నిలబడి గెడకర్ర గుచ్చి తోశాడు. ముందు కూర్చున్న పేరంటాలు కళ్ళు మూసుకుని, అడుగున పరిచిన చాపను రెండు చేతులా పట్టుకుంది. కాసేపటికి కళ్ళు తెరిచింది.

"ఇల్లెప్పుడొత్తాదయ్యా?"

గెడ ఆగింది.

ఇల్లు రాదు. వెనకుంది. అతను నలభై ఏళ్ళూ ఆ గోడను ఇంటికి వస్తూ చూశాడు, వెళుతూ ఎప్పుడూ చూడలేదు. అందుకే తట్టలేదు. ఆమె తిరగదు, తిరగకూడదని నేర్పింది తనే. ఎదురు తోయడానికి వయసు లేదు. ముందున్న వంపు తిరిగితే గోడ కనపడదు.

గంగాద్రి నీళ్ళు తీసి నా ముక్కు మీద చల్లాడు. "తప్పయితే నాదేనమ్మా" అన్నాడు, గంగమ్మతో. గెడ గుచ్చి సంగడిని గుండ్రంగా తిప్పాడు. నా ముక్కు ఇంటి వైపు. నా వీపు సముద్రం వైపు. గోదావరి మమ్మల్ని అలాగే, వెనక్కి తీసుకుపోయింది. ఏమీ అనలేదు.

పేరంటాలు చాప వదిలేసి కంటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గోడ వంకరగా ఉందేటయ్యా?"

"ముందునుంచీ అంతే."

"మరి సెప్పలేదే?"

"ఆనిందా అనే కదే అడిగేదానివి."

ఆమె నవ్వింది. వంపు వచ్చేదాకా కళ్ళార్పలేదు.

ఇప్పుడు నన్ను ఆ గోడ కింద బోర్లించారు. వేటకు పోయేవాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. చూపు పోయిన పేరంటాలు నా వీపు మీద కూర్చుని ఏటా సున్నం కొట్టిస్తుంది. మొన్న తాపీమేస్త్రి, గోడ వంకర సరిచేస్తానన్నాడు.

"ముట్టుకోకు" అంది. "నేను సూసినప్పుడు అలాగే ఉంది."