పురుగు ముట్టని పాలకూర

చెరువు నుంచి ఇంటికి వచ్చేసరికి పెద్దకోడలి చేతులు మోచేతుల దాకా నాని తెల్లబడి ఉండేవి. నీళ్ల మీద దట్టంగా పరుచుకుని పడవల్ని కదలనివ్వని గుర్రపుడెక్కను కొంకికర్రతో గట్టుకు ఈడ్చే జట్టుకు పద్నాలుగేళ్లుగా ఆమే పెద్ద. లాగిన చోట నెల తిరిగేలోగా మళ్లీ మొలిచేది. అయినా "నీ చేతిలో పడితే వేరు కూడా మిగలదు" అని అత్తగారు అంటే ఆమెకు కడుపు నిండిపోయేది.

ఈమధ్య ఇంట్లో ఆ మాట వినపడడం లేదు. తోడికోడలు చెరువు ఆఫీసులో కొత్త పనిలో చేరింది. ఆ కలుపును తినే ముక్కు పురుగుల్ని షెడ్డులో తొట్లలో పెంచి, చెరువు ఉత్తరపు మూలన వదిలింది. వానాకాలం లోపు అక్కడ కలుపు తగ్గితే వాటిని చెరువంతా వదులుతారు. తగ్గకపోతే షెడ్డు మూస్తారు, ఆమె ఉద్యోగమూ పోతుంది.

"మా చిన్నది ఒళ్లు తడవకుండానే చెరువు బాగుచేస్తుంది చూడు," అని అత్తగారు పక్కింటావిడ దగ్గర మురిసిపోతుంటే పెద్దకోడలికి ఒళ్లు మండింది.

"ఎందుకు చెయ్యదు అత్తయ్యా! ఆ డెక్క అయిపోయాక అవి గాలి తిని బతుకుతాయా? మన కూరమడుల మీదే పడతాయి," అంది.

"ఇంకో మొక్క ముట్టవక్కా. ఆకలితో చస్తాయి గానీ ముట్టవు. ఏళ్ల తరబడి రకరకాల మొక్కల మీద పెట్టి చూశాకే వదిలారు," అంది చిన్నకోడలు.

"చదువుకున్నదానివి, నువ్వెంత చెబితే అంతేగా తల్లీ!" అని మూతి తిప్పింది పెద్దకోడలు.

చదువరులారా, అసూయ పుట్టించిన మాటకు రుజువు ఎవరూ అడగరు. వారం తిరక్కుండా అది కుళాయి దగ్గరికీ, పడవల రేవుకీ పాకింది. తోటలున్నవాళ్లు షెడ్డు మూయించమని అర్జీ రాసుకున్నారు. పెద్దకోడలికి లోపల హాయిగా అనిపించింది, కాస్త సిగ్గూ వేసింది. కానీ ఉత్తరపు మూలన పురుగులు కొరికి డెక్క ఆకులు మచ్చలు పడుతున్నాయని విన్న రోజున ఆ సిగ్గు కాస్తా ఎగిరిపోయింది. పద్నాలుగేళ్లు తన నడుం విరిగినా కానిది బియ్యపు గింజంత పురుగు చేసేస్తుందా?

మర్నాడు జట్టు రాకముందే ఒంటరిగా వెళ్లి ఆ మచ్చల మొక్కలన్నీ లాగేసింది. వేరు కూడా మిగల్చలేదు. తోపుడుబండిలో తెచ్చి, ఎరువవుతుందిలే అని పెరట్లో పాలకూర మడి పక్కన కుప్ప పోసింది.

సాయంత్రం చిన్నకోడలు ముఖం వేలాడేసుకుని వచ్చింది. "ఎవరో తెలియక లాగేశారక్కా. గుడ్లూ పిల్లలూ అన్నీ ఆ కాడల్లోనే ఉన్నాయి," అని, భోజనం చెయ్యకుండా పడుకుంది. గెలిచానన్న సంబరంతో కంచం ముందు కూర్చున్న పెద్దకోడలికీ ముద్ద దిగలేదు.

నాలుగో రోజు ఆమె పాలకూర కొయ్యడానికి పెరట్లోకి వెళ్లింది. కుప్ప పైపైన ఎండి పెళుసెక్కింది. తిండి దొరక్క ముక్కు పురుగులు మడిలోకి పాకాయి. లేత ఆకుల కింద పదులకొద్దీ చచ్చి పడి ఉన్నాయి. ఆమె గబగబా ఒక్కో ఆకూ తిరగేసి చూసింది. ఒక్క ఆకుకీ చిల్లు లేదు. కొన్ని పురుగులు ఇంకా కాళ్లు కదుపుతున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా గిన్నెలోకి ఏరింది.

గిన్నె తీసుకెళ్లి తోడికోడలి ముందు పెట్టింది. "నేనే లాగాను. తెలిసే లాగాను."

"ఎందుకక్కా?"

"అత్తయ్య నిన్ను మెచ్చుకుంటుంటే ఓర్వలేక."

చిన్నకోడలు గిన్నె దగ్గరికి లాక్కుంది. కళ్లు తుడుచుకుని, "కుప్ప అడుగున తడి ఉందా?" అని అడిగింది.

"ఉంది."

"అయితే పద. పచ్చి కాడల్లో పిల్లలు బతికే ఉంటాయి."

ఇద్దరూ కుప్ప తిరగేసి, పచ్చిగా ఉన్న మొక్కల్ని ఏరి మళ్లీ చెరువు మూలన నీళ్లలో వదిలారు. ఆ సాయంత్రమే పెద్దకోడలు పాలకూర బుట్టతో రేవుకి వెళ్లి, అర్జీ పట్టుకున్నవాళ్ల ముందు దాన్ని కుమ్మరించింది.

"ఆ మాట పుట్టించింది నేను. ఆ పురుగులు మూడు రోజులు మా మడిలో ఉన్నాయి, చూసుకోండి. ఆకలితో చచ్చాయి గానీ తమది కాని ఆకు ముట్టలేదు. నా అసూయకి ఆ పాటి నీతి లేదు. అది ముందు నా ఇంటినే కొరికింది."