సగం గోడ మీద సమ్మె

ఆ పెయింటర్‌ని వీధిలో అందరూ ‘సెకండ్ కోటు’ అనే పిలిచేవారు. గోడ మీద మరక కనిపించినా, రంగు చారలు చారలుగా పడినా, కిటికీ అంచున బ్రష్షు వెంట్రుక అతుక్కుపోయినా అతని నోట వచ్చే మాట ఒక్కటే: “సెకండ్ కోటులో కవరైపోతుందండీ.” చాలాసార్లు కవరైపోయేది కూడా. అందుకని ఆ పేరు వెక్కిరింతో మెప్పో ఎవరికీ సరిగ్గా తెలియదు. అతను మాత్రం మెప్పుగానే తీసుకున్నాడు.

అతన్ని పనికి పిలిచినాయన బస్సుల గ్యారేజీలో మెకానిక్కు, అక్కడి కార్మిక యూనియన్‌కి సెక్రటరీ. ఎన్నికై ఏడాది కూడా కాలేదు గానీ, వీధి చివర కూరగాయలమ్మే ఆమె దగ్గర్నుంచి కన్నతల్లి దాకా అందరికీ సెక్రటరీ అయిపోయాడు. తల్లి ఆ మాటను కాస్త సాగదీసి అనేది, అంతే తేడా. ఆయన భార్య టైలరింగ్ షాపులో బట్ట కత్తిరించే పని చేస్తుంది. కొలత తీసుకోనిదే కత్తెర పట్టని మనిషి. ఇంట్లో ఏ తగాదా వచ్చినా తీర్పు ఆమె చెప్పాల్సిందే.

ఇంట్లో ఉన్నవి మూడు గదులు. సెకండ్ కోటు వచ్చి అన్నీ తిరిగి, గోడల మీద వేళ్లతో టకటకా కొట్టి, ఒక కన్ను మూసి పైకప్పు చూసి, మొత్తం కూలి ఇంతవుతుందని చెప్పాడు. రంగు డబ్బాలు ఇంటివాళ్లే కొనుక్కోవాలి. సెక్రటరీ బేరం ఆడలేదు.

“పనిచేసేవాళ్లతో బేరమాడటం నావల్ల కాదు,” అని భార్యతో గొప్పగా అన్నాడు. సెకండ్ కోటుని ‘మీరు’ అని పిలిచి, చెయ్యి కలిపి, కుర్చీ వేసి కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

సరిగ్గా ఆ వారమే గ్యారేజీలో జీతాల పెంపు గురించి యాజమాన్యంతో చర్చలున్నాయి. సెక్రటరీకి అవే మొదటి చర్చలు. సెలవు పెట్టి, పడకగదిలో అలమర అద్దం ముందు నిలబడి ప్రసంగం సాధన చేయడం మొదలుపెట్టాడు. పక్కగదిలో సెకండ్ కోటు గోడ గీకుతున్నాడు. రెండు గదుల మధ్య తలుపును రంగు కోసం ఊడదీసి వరండాలో ఆనించారు కాబట్టి ఇక్కడి మాట అక్కడికి శుభ్రంగా వినిపిస్తోంది.

“మేం దయ అడగటం లేదు!” అన్నాడు సెక్రటరీ, అద్దంలోకి వేలు చూపిస్తూ. “మా చెమటకి తగిన విలువ అడుగుతున్నాం. పని పెరిగింది. కూలి పెరగలేదు. ఇదెక్కడి న్యాయం?”

పక్కగదిలో గీకుడు ఆగింది.

“సార్, ఆ ‘ఇదెక్కడి న్యాయం’ అనే ముందు కాస్త ఆగండి. ఊపిరి తీసుకుని అనండి. అప్పుడు గుండెకి తగులుతుంది.”

సెక్రటరీ ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ అన్నాడు. నిజంగానే బాగుంది. ఇక ఆ పూటంతా ఒకరు అరవడం, ఒకరు గీకడం, మధ్యలో సలహాలు. “వాళ్లు ఆలోచించి చెప్తామంటే ఏం చేస్తారు సార్?” “గడువు చెప్పేదాకా కుర్చీలోంచి లేవం!” “భలే!” హాల్లో మంచం వేసుకున్న తల్లి టీవీ వినపడక సౌండు పెంచింది. వాళ్లు గొంతులు ఇంకా పెంచారు. ఎదురింటాయన కిటికీ మూసుకున్నాడు.

హాలు రంగు మాత్రం అంత సాఫీగా సాగలేదు. లేత ఆకుపచ్చ వేశాక షాపు నుంచి వచ్చిన భార్య గుమ్మంలోనే నిలబడిపోయి, “ఇదేంటి, ఆసుపత్రిలోకి వచ్చినట్టుంది,” అంది. మీగడ రంగు వేయించింది. మర్నాడు పొద్దున వెలుగులో చూస్తే అది పాత దిండుగలీబులా కనిపించింది. చివరికి లేత నీలం దగ్గర ఆమె మనసు కుదుటపడింది. సెకండ్ కోటు కిక్కురుమనలేదు. తల ఊపి, రోలర్ కడుక్కుని, మళ్లీ మొదలుపెట్టాడు. అంత మంచితనం చూసైనా ఇంట్లో ఎవరో ఒకరికి అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆ తర్వాత పడకగది వంతు వచ్చింది. చర్చలు మర్నాడనగా, మధ్యాహ్నం వేళ, సెకండ్ కోటు పడకగది గోడకి మూల నుంచి కిటికీ దాకా రంగు వేసి, రోలర్ ట్రేలో పడేసి, నిచ్చెన దిగాడు. గోడ సగం నీలం, సగం పాత పసుపు.

“సార్, ఒక్క మాట. ముందు చెప్పిన కూలికి ఇంకో పావు వంతు కలపాలి.”

సెక్రటరీ కాగితాల్లోంచి తలెత్తాడు. “అదేంటండీ? ఒప్పుకున్నాం కదా? చెయ్యి కలిపాం కదా?”

సెకండ్ కోటు ఒక చెయ్యి నిచ్చెన మీద వేసి, ఇంకో చేతి వేలు పైకెత్తి, గొంతు సవరించుకున్నాడు.

“నేను దయ అడగటం లేదు సార్! నా చెమటకి తగిన విలువ అడుగుతున్నాను. పని పెరిగింది. కూలి పెరగలేదు.” ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. “ఇదెక్కడి న్యాయం?”

హాల్లో టీవీ సౌండు ఠక్కున తగ్గింది.

సెక్రటరీ నోరు తెరిచాడు. అందులోంచి ఏ మాట రాబోతోందో ఆయనకే తెలియదు.

“చూడండి... మనమంతా ఒక కుటుంబం లాంటి వాళ్లం.”

అన్నాక నాలుక కరుచుకున్నాడు. అది గ్యారేజీ మేనేజర్ మాట. పోయిన నెల గేటు ముందు మీటింగులో మేనేజర్ ఆ మాట అంటే, దాన్ని ముక్కుతో అనుకరించి అందరినీ నవ్వించింది ఈయనే. దాన్ని సర్దుకోబోయి, “అంటే, ఈ ఏడాది మా పరిస్థితి కూడా ఏమంత బాలేదు,” అన్నాడు. అదీ మేనేజర్ మాటే. చెమటలు పట్టాయి. “సరే, ఇంట్లో మాట్లాడి, ఆలోచించి చెప్తాం.”

“ఎప్పట్లోగా సార్? గడువు చెప్పేదాకా లేవకూడదని మీరే అన్నారు.”

“ఏంటి, నా మాటలు నాకే అప్పజెప్తున్నావా? నువ్వు రంగు వేయడానికి వచ్చావా, చెవులు రిక్కించి వినడానికి వచ్చావా?”

“ఏరా సెక్రటరీ,” అంది తల్లి హాల్లోంచి తీరిగ్గా. “నిన్నటిదాకా ‘మీరు’ కదా? ఇవాళ ‘నువ్వు’ అయ్యాడేంటి ఆయన?”

సెకండ్ కోటుకి కోపం రాలేదు. ఖాళీ డబ్బా ఒకటి బోర్లించి, హాల్లోకి తెచ్చుకుని దాని మీద కూర్చున్నాడు. “అయితే పని ఆగింది సార్. నేనెక్కడికీ పోను. ఇక్కడే, శాంతంగా కూర్చుంటాను.”

తల్లి బిస్కెట్ల ప్యాకెట్టు విప్పి అతని చేతికిచ్చింది. “అమ్మా!” అన్నాడు సెక్రటరీ. “నువ్వు ఎవరి వైపు?”

“సమ్మె చేసేవాళ్లు ఖాళీ కడుపుతో ఉండకూడదని నువ్వే కదరా అంటావు,” అని ఆమె టీవీ వైపు తిరిగింది. వాళ్లిద్దరూ ఏదో సీరియల్ చూస్తూ, అందులో కోడలి తప్పేమీ లేదని ఒక నిర్ణయానికొచ్చారు. సెక్రటరీ సగం గోడ ముందు చేతులు కట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు.

సాయంత్రం భార్య వచ్చేసరికి ఇల్లు అలా ఉంది. ఆమె సంచి కింద పెట్టి, ఇద్దరి మాటా విడివిడిగా వింది.

“ఒప్పుకున్న మాట తప్పాడు,” అన్నాడు భర్త. “రేపు నేనూ బస్సు సగం విప్పి, ఇంకో పావు వంతు ఇస్తేనే బిగిస్తానంటే?”

“అనవా మరి?” అంది తల్లి. “అందుకేగా రేపు పోతోంది?”

“అత్తయ్యా, మీరు కాసేపు ఆగండి.” భార్య సెకండ్ కోటు వైపు తిరిగింది. “ఎందుకు ఎక్కువడుగుతున్నారో చెప్పండి. ప్రసంగం వద్దు. సంగతి చెప్పండి.”

ప్రసంగం లేకపోయేసరికి అతను కాస్త తడబడ్డాడు. “ఒకటి, రంగుల ధరలు మండిపోతున్నాయమ్మా...”

“రంగు కొన్నది మేం కదా?”

“అవును కదా,” అన్నాడు సెకండ్ కోటు, తనకీ అప్పుడే తెలిసినట్టు. “ఊపులో వచ్చేసింది. అది తీసేయండి. ఇంకా మోకాళ్ల నొప్పులు...”

“అవి మా ఇంట్లో పట్టుకున్నాయా?”

“లేదమ్మా, పాతవే.” తల గోక్కున్నాడు. “కానీ గోడ సంగతి మాత్రం మీరు చూడాలి. అలమర జరిపాక బయటపడింది.”

పడకగదిలోకి నడిచారు. అలమర ఇన్నాళ్లూ ఉన్నచోట గోడ ఉబ్బి, మచ్చలుపడి ఉంది. భార్య అరచెయ్యి ఆనించింది. కాస్త నొక్కింది. చపాతీ పీటంత పెచ్చు ఊడి ఆమె చేతిలోకే వచ్చింది. వెనక తడి మట్టి.

“గోడలన్నీ వేళ్లతో కొట్టి చూశారు కదా. ఇది తెలియలేదా?”

“కొట్టానమ్మా. ఇక్కడ వేళ్లు అలమరకి తగిలాయి. ఇది మొత్తం ఊడగొట్టి, ఆరనిచ్చి, సిమెంటు పూసి, లప్పం పెట్టి రుద్దాలి. ఇది సెకండ్ కోటులో కవరయ్యేది కాదు.”

ఆ మాట అతని నోటివెంట రావడం అందరూ మొదటిసారి విన్నారు.

“అలమర మొదట్నుంచీ ఈ గోడకే ఉండేదా?” అంది భార్య నెమ్మదిగా. “కిటికీ పక్కన కదా ఉండేది?”

“వాడే జరిపాడమ్మాయ్,” అంది తల్లి గుమ్మంలోంచి. “అవతల బాత్‌రూం పైపు కారినప్పుడు. చెమ్మ నీ కంటపడితే గోల చేస్తావని.”

సెక్రటరీ కిటికీలోంచి బయటికి చూశాడు. అక్కడ చూడదగ్గదేమీ లేదు.

“సరే. గోడ ఖర్చు న్యాయమే,” అంది భార్య, పెచ్చుని భర్త చేతిలో పెట్టి. “ఇంకేమైనా ఉందా?”

సెకండ్ కోటు సెక్రటరీ వైపు చూశాడు. సెక్రటరీ తన తల్లి వైపు చూశాడు. చివరికి ముగ్గురూ భార్య వైపే చూశారు.

“హాలమ్మా,” అన్నాడు సెకండ్ కోటు గొంతు తగ్గించి. “ఆకుపచ్చ వేశాం, మీగడ వేశాం, నీలం వేశాం. ఒక్క హాలుకి మూడు హాళ్ల పని.”

“అది ఆసుపత్రిలా ఉందండీ! అలా ఎలా ఉంచుకుంటాం?” అని, తన గొంతు తనకే వినపడి ఆగిపోయింది. చెవులు ఎర్రబడ్డాయి. “అందులో నా చెయ్యి కూడా ఉంది కాబట్టి తీర్పు నేను చెప్పకూడదు.”

“నేను చెప్తాను,” అంది అత్తగారు వెంటనే. కొడుకు పెళ్లయిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో ఆ అవకాశం కోసం చూస్తున్న మనిషిలా గుమ్మంలోనే కొంగు సర్దుకుని నిలబడింది. “ఒకసారి మార్చడం ఎవరింట్లోనైనా ఉండేదే, దానికేం ఇవ్వక్కర్లేదు. రెండోసారి మార్చడం మాత్రం ముచ్చట. ముచ్చటకి డబ్బులివ్వాలి. కానీ ఏమయ్యా, సంగతేదో ఆరోజే చెప్పొచ్చు కదా? గోడ సగంలో ఆపి మెడ మీద కూర్చోవడమేంటి? అందుకు నువ్వూ కొంచెం తగ్గించుకో.”

“ఆరోజు చెప్పడానికి మొహమాటమేసిందమ్మా,” అన్నాడు సెకండ్ కోటు. “సార్ ప్రసంగం విన్నాక ధైర్యం వచ్చింది.”

అడిగినదాంట్లో సగానికి కాస్త పైన కుదిరింది. ఎవరికీ పూర్తి సంతృప్తి లేదు, కానీ ఎవరూ అలగలేదు. సెక్రటరీ గోడ పెచ్చు ఇంకా చేతిలోనే పట్టుకుని, “మిమ్మల్ని ‘నువ్వు’ అన్నాను. తప్పయింది,” అన్నాడు.

“పర్లేదు సార్. ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరికైనా అలాగే వస్తుంది.”

రాత్రి అన్నం తింటున్నంతసేపూ ఆ మాట సెక్రటరీకి మింగుడుపడలేదు. అంతకన్నా గుచ్చుకున్న సంగతి ఇంకొకటుంది. తాను అంత కష్టపడి రాసుకున్న ప్రసంగాన్ని ఎదుటివాడి నోట విన్నప్పుడు తన మనసు రవ్వంత కూడా కదల్లేదు. పైగా ఒళ్లు మండింది. లెక్క తేలింది భార్య గోడ మీద చెయ్యి పెట్టాకే.

మర్నాడు చర్చల్లో మేనేజర్ టీ తెప్పించి, “మనమంతా...” అని మొదలుపెట్టగానే సెక్రటరీ లేచాడు. తోటివాళ్లు ఇక ప్రసంగం వినొచ్చని కుర్చీల్లో ముందుకి జరిగారు. “సార్, ముందు ఒకసారి కిందికొస్తారా?” అన్నాడాయన. బస్సుల కింద దిగి పనిచేసే గోతిలోకి మేనేజర్‌ని దింపాడు. అక్కడ చీలమండల దాకా నీళ్లు, నూనె కలిసి నిలిచి ఉన్నాయి. మేనేజర్ కొత్త బూట్లు లోపలిదాకా తడిశాయి. పైకి వస్తూ మెట్టు మీద జారితే ఇద్దరు మెకానిక్కులు పట్టుకుని లాగారు.

అడిగినంతా రాలేదు. జీతం కొంచెం పెరిగింది. గోతికి మాత్రం సాయంత్రానికల్లా పంపు వచ్చింది. యూనియన్‌లో కొందరు సణిగారు. కొందరు భుజం తట్టారు. బల్ల ఒక్కసారైనా గుద్దలేదేంటని ఒక ముసలి డ్రైవరు మాత్రం చాలా బాధపడ్డాడు.

ఇంటికొచ్చేసరికి సెకండ్ కోటు తడి గోడంతా ఊడగొట్టి, గదిలో ఫ్యాను పెట్టి ఆరబెడుతున్నాడు. సెక్రటరీ చొక్కా మార్చుకుని, ఊడిన మట్టి గంపకెత్తి బయట పోసి వచ్చాడు. భార్య ప్లంబరుకి ఫోన్ చేస్తోంది. అతను పైపు మార్చడానికి ఎంతవుతుందో చెప్పినట్టున్నాడు. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

“ఉండండి,” అంది ఫోన్లో. “ముందు వచ్చి గోడ చూడండి. అలమర తీసేశాం.”