ఒక్క తుమ్ము కోసం

పంకాలు ఆపి, పరదాలు దించి, కోడిపిల్లల మీద టీకామందు మంచులా పిచికారీ చేసి వదిన షెడ్డు బయటికి వచ్చింది. ముక్కుకు కట్టుకున్న గుడ్డ ఇంకా విప్పనేలేదు, ఆడపడుచు మొహం వెలిగించుకుని ఎదురొచ్చింది.

"పిచికారీ డబ్బా జిడ్డోడుతుంటే పొద్దున్నే బ్లీచింగు వేసి తోమిపెట్టాను వదినా. అద్దంలా లేదూ?"

వదిన ముక్కు గుడ్డ లాగేసింది. టీకా అంటే ప్రాణమున్న మందు. బ్లీచింగు తగిలితే చచ్చిపోతుందని, అది వేసే కుళాయి నీళ్లలో కూడా కలపకుండా జాగ్రత్తపడింది. పోయిన ఏడు కొక్కెర తెగులు షెడ్డునంతా ఊడ్చుకుపోయింది. ఇప్పుడు అదే తెగులుతో పక్కవాళ్ల షెడ్డులో కోళ్లు మెడలు సాచి గురకలు పెడుతున్నాయి. ఈ పిల్లలు కూడా పోతే ఇక తాళం వేయడమే.

"కనిపించినదల్లా తోమకపోతే నీకు తోచదా? తోమాక నీళ్లతో తొలిచావా?"

"తొలవకుండా వదిలే మనిషినా నేను? వాసన పోయేదాకా తొలిచాను."

"నీ ముక్కుకి బ్లీచింగు వాసన కాక ఇంకేం తెలుసు గనక!"

వదిన పశువుల డాక్టరుకు ఫోను చేసింది.

"ఇప్పుడే ఏమీ చెప్పలేమమ్మా. మందు ఒంటికి పడితే నాలుగు రోజుల్లో పిల్లలు కొద్దిగా తుమ్ముతాయి, మేత మాత్రం మానవు. ఉలుకూ పలుకూ లేకపోతే చెప్పండి, మళ్లీ వేద్దాం. ఈలోగా పక్క షెడ్డు వాళ్లెవరినీ లోపలికి రానీకండి."

ఎప్పుడూ తుమ్ము వినబడితే హడలిపోయే వదిన, ఆ రోజునుంచి తుమ్ము కోసం చెవులు రిక్కించుకుని తిరిగింది. పిల్లలు మాత్రం కిచకిచలాడుతూ నిక్షేపంగా తిరుగుతున్నాయి. అంత నిక్షేపంగా ఉండటమే ఆమెకు భయంగా ఉంది. ఆడపడుచు తప్పు చేసిన పిల్లలా వెనకాలే నడుస్తోంది. ఒక మధ్యాహ్నం తొట్టెల్లో మేత పోస్తుంటే ఎక్కడో "హాచ్" అని వినబడింది. వదిన గిరుక్కున తిరిగింది.

"అది నేను వదినా. మేత దుమ్ము."

"నీకు వేశానా టీకా? నోరు మూసుకుని మేత పొయ్యి!"

మర్నాడు పొద్దున పంకాలు ఇంకా వేయకముందు వదిన షెడ్డు మధ్యలో నిలబడింది. కాళ్ల దగ్గర చిన్నగా "ఫిచ్" అంది ఒక పిల్ల. తల విదిలించుకుని మళ్లీ తొట్టెలో ముక్కు పెట్టింది. ఆ మూల ఇంకొకటి. తర్వాత గోడవారగా నాలుగైదు.

"విన్నావా?" అంది వదిన.

"నేను కాదు వదినా, ఒట్టు!"

డాక్టరు వచ్చి పిల్లల్ని ఒక్కొక్కటిగా పట్టుకుని కళ్లు చూశాడు, మేతతో నిండిన పొట్టలు తడిమాడు, చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి విన్నాడు.

"పడింది, బాగా పడింది. ఈ తుమ్ములు నాలుగు రోజుల్లో వాటంతటవే పోతాయి. డబ్బా ఎవరు తొలిచారో గానీ గట్టిగా తొలిచారు."

ఆడపడుచు తల ఎత్తి వదినవైపు చూసింది. వదిన మేత బస్తా మీద కూలబడి, కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. చుట్టూ షెడ్డంతా తుమ్ముతోంది.