ఒక్కసారి లాగితే చాలదా?

నేను ఒక తాళాన్ని. అలీగఢ్‌లో పుట్టాను. ఏడు లీవర్లు, ఇత్తడి ఒళ్లు. ఒకసారి పడ్డానంటే ఏనుగొచ్చి లాగినా ఊడను. అలాంటి నన్ను ఏలూరులో హైమవతి అనే ఇల్లాలు రోజూ పొద్దున్న ముప్ఫైసార్లు గుంజేది. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆమె కోర్టులో కాంట్రాక్టు టైపిస్టు. నన్ను వేసి, లాగి, వీధి చివరిదాకా వెళ్లి, మళ్లీ పరుగున వచ్చి లాగేది. పడ్డానని కళ్లు చెబుతున్నా మనసు ఒప్పుకోదు. ఆలస్యానికి రెండు మెమోలు వచ్చాయి. మూడోది వస్తే ఇంటికే అన్నారు. ఆమె భర్త సత్యమూర్తి ఏం చేశాడు? నాకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు! దిష్టి తగలడానికి నేనేమన్నా పెళ్లికూతురినా?

చివరికి పక్కింటావిడను కాపలా పెట్టి, నన్ను కూడా సంచిలో వేసుకుని, నఫీసా అనే సైకాలజిస్టు దగ్గరికి వెళ్లారు.

"లాగినప్పుడల్లా భయం కాసేపు తగ్గుతుందమ్మా. ఆ హాయి కోసమే చెయ్యి మళ్లీ లాగుతుంది. లాగకుండా ఆగండి. భయం పెరుగుతుంది, పెరిగి దానంతటదే దిగుతుంది" అందావిడ. మొదట పదిసార్లే లాగాలి, తర్వాత మూడు, ఆపైన ఒకటి, చివరికి సున్నా. భయానికి వందకు ఎన్ని మార్కులో రోజూ రాసుకోవాలి. "సార్, తాళం పడిందని మీరు మాత్రం భరోసా ఇవ్వకండి."

ఇవ్వకుండా ఉంటాడా ఈ మహానుభావుడు! ఆమె అటు వెళ్లగానే ఇటు వచ్చి నన్ను గుంజి ఫోన్ చేసేవాడు. "వేసే ఉంది హైమా, నేను లాగి చూశాగా!" నెల రోజులు వృథా. ఫోన్ రాగానే మార్కులు ఢామ్మని పడిపోవడం చూసి నఫీసా పట్టేసింది.

"సాయమే కదండీ చేశాను?"

"ఆవిడ చెయ్యి ఆగింది. మీ చెయ్యి మొదలెట్టింది, అంతే."

సున్నా రోజు వచ్చింది. హైమవతి నన్ను వేసింది. చెయ్యి నా దాకా వచ్చి ఆగిపోయింది. "ఏవండీ, పడిందంటారా?"

సత్యమూర్తి నా వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. "నాకు తెలీదు హైమా" అన్నాడు.

ఆమె వెళ్లిపోయింది. ఆయన మెట్టుమీదే కూలబడ్డాడు. ఫోన్ మోగింది. ఆమే. మోగి మోగి ఆగేదాకా దాన్ని గుప్పిట్లో బిగించి పట్టుకుని ఏడ్చాడు. ఇన్నేళ్లలో ఆ మనిషిమీద నాకు కోపం రానిది ఆ ఒక్కపూటే.

పదిన్నరకు మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు.

"సీట్లో కూర్చున్నానండీ. భయం ఇంకా నలభై ఉంది" అంది హైమవతి. "ఉండనీండి."