మంగళవారం కస్టమరు

మంగళవారం నాడు ఎవరూ ఇల్లు చూడటానికి రారు. శుక్రవారం వస్తారు, ఆదివారమైతే పిల్లాజెల్లాతో తిరునాళ్ళకి వచ్చినట్టు వస్తారు. మంగళవారం మాత్రం రారు. అందుకే మా ఆఫీసులో వారపు సెలవు మంగళవారం. ఎందుకైనా మంచిదని ఒక్కరిని మాత్రం డ్యూటీలో ఉంచుతారు. ఆ ఒక్కరు ఎవరన్నది వంతుల ప్రకారం మారుతూ ఉంటుంది.

నా పేరు భానుశ్రీ. గన్నవరం వెళ్ళే దారిలో మా కంపెనీ కట్టిన అపార్ట్‌మెంట్లో ఫ్లాట్లు చూపించడం నా పని. తొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్నాను. ఇల్లు చూసే తీరును బట్టి కొనేవాళ్ళెవరో, ఊరికే చూసిపోయేవాళ్ళెవరో చెప్పేయగలనని నాకు కాస్త పొగరు కూడా ఉంది. ఉయ్యూరు వైపు నుంచి వచ్చే పెద్దాయనలు గోడని వేళ్ళ కణుపులతో కొట్టి చూస్తారు. వాళ్ళ ఆడవాళ్ళు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి గట్టు ఎత్తు చూసుకుంటారు. ఫోన్లో దిక్సూచి పట్టుకుని ఈశాన్యం మూల అరగంట కదలని వాళ్ళుంటారు. ప్రాణం తోడేస్తారు గానీ, కొనేది వాళ్ళే.

జయంత్ అనే ఆయన మంగళవారమే వచ్చాడు. ముప్ఫై అయిదేళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, మాట మాటకీ చివర అండీ. ఒక్కడే వచ్చాడు.

"మంగళవారం పట్టింపు లేదాండీ మీకు?" అని అడిగాను.

"అలాంటివేం నమ్మనండీ. పైగా ఇవాళైతే జనం ఉండరు కదా, తీరిగ్గా చూసుకోవచ్చు" అన్నాడు.

చాదస్తం లేని మనిషి ఇన్నాళ్ళకి ఒకడు దొరికాడని లోపల సంతోషించాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అయిదో అంతస్తులో 504 చూపించాను. ఆ అంతస్తులో ఇంకా ఎవరూ దిగలేదు. అతను గుమ్మం ఏ దిక్కని అడగలేదు. వంటింట్లోకి తొంగి చూడలేదు. నీళ్ళు పంపువా, బోరువా అని కూడా అడగలేదు. "వాచ్‌మన్ రోజూ ఉంటాడాండీ?" అని మాత్రం అడిగాడు. మరియదాసు మంగళవారాలు సరుకులకి బెజవాడ వెళ్తాడనీ, భార్య సువార్తమ్మ ఒక్కతే కింద ఉంటుందనీ నేనే చెప్పాను. అడిగినదానికి జవాబు చెప్పడం నా ఉద్యోగం కదా.

లోపలి బెడ్‌రూములోకి ముందు నేనే నడిచాను. చూపించేదాన్ని నేను కాబట్టి ఎప్పుడూ నేనే ముందు నడుస్తాను. అతను వెనకే వచ్చి, "రోడ్డు చప్పుడు ఎంత వినిపిస్తుందో చూద్దామండీ" అని తలుపు మూశాడు. మూసి గడియ పెట్టాడు. చప్పుడు వినడానికి గడియతో పనేముంది? నేను కిటికీ దగ్గరున్నాను. నాకూ తలుపుకీ మధ్య అతనున్నాడు.

అతను ఏమీ చెయ్యలేదు. చేతులు కట్టుకుని నన్నే చూస్తూ నిలబడ్డాడు. నవ్వుతున్నాడు.

"ఏమీ వినిపించట్లేదండీ" అన్నాడు. మళ్ళీ తనే, "ఇక్కడ ఎంత అరిచినా కిందికి కూడా వినపడదేమో కదండీ" అన్నాడు.

అప్పుడే నా ఫోను మోగింది. ఎవరో అమ్మాయి, లోను కావాలా మేడం అంటోంది. "ఆ సార్, 504లోనే ఉన్నామండీ, పైకి వచ్చేయండి" అని గట్టిగా అన్నాను. అతను గడియ తీశాడు. మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, "బాగుందండీ, మళ్ళీ ఒకసారి చూస్తాను" అని నమస్కారం పెట్టి మరీ దిగిపోయాడు.

కిందికి వచ్చి స్కూటీ మీద కూర్చున్నాను. బండి తీయకుండా ముందు ఫోను తీశాను. ఫ్లాటు చూపించిన ప్రతిసారీ కస్టమరు గురించి ఆఫీసు యాప్‌లో రిమార్కు రాయాలి. ఏం రాయను? తలుపు వేశాడనా, నవ్వాడనా? మా మేనేజరు రామకోటేశ్వరరావు గారు మంచి మనిషే. "ఏమైనా చేశాడామ్మా?" అని అడుగుతారు. లేదండీ అంటే, మరింకేం అంటారు. నన్ను సైటు మాన్పించి ఫోన్ల దగ్గర కూర్చోబెడతారు. ఇంట్లో తెలిస్తే ఉద్యోగమే మాన్పిస్తారు. పైగా అంత అనుభవం ఉండి ఆ గదిలోకి ఎలా వెళ్ళానా అని భయం కన్నా సిగ్గే ఎక్కువ వేసింది. "ఆసక్తి ఉంది. మళ్ళీ చూస్తానన్నారు" అని రాసి పంపేశాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

మరుసటి మంగళవారం నాకు సెలవు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మిద్దె మీది బట్టలు తీసుకొచ్చి, మడతలు పెడుతూ ఫోను చూశాను. ఆఫీసు గ్రూపులో రెండు గంటలకి మేనేజరు పెట్టిన మెసేజి ఉంది. "సాయిశ్రీ, మూడింటికి జయంత్ గారికి 504 చూపించమ్మా. మంగళవారమే కావాలన్నారు. భానుశ్రీ రిమార్కు బాగుంది, వదలొద్దు."

టైము మూడూ పది.

సాయిశ్రీకి ఇరవై మూడేళ్ళు. చేరి నాలుగు నెలలైంది. నన్ను చూసే పని నేర్చుకుంటోంది. ఫోను చేస్తే మోగుతోంది గానీ ఎత్తడం లేదు. కస్టమరుతో ఉన్నప్పుడు సైలెంట్‌లో పెట్టుకోమని చెప్పింది కూడా నేనే. మేనేజరు ఫోను బిజీ. సువార్తమ్మకి చేశాను.

"సాయిశ్రీ ఎక్కడుంది సువార్తమ్మా?"

"ఎవరో ఆయన్ని తీసుకుని ఇప్పుడే పైకెళ్ళిందమ్మా."

"నువ్వు పైకెళ్ళు. ఆ మనిషి మంచోడు కాదు. తలుపేసుంటే బాదు. ఏదో ఒక పని పెట్టుకుని నేనొచ్చిందాకా అక్కడే ఉండు."

"ఎందుకు, ఏమిటి" అని అడగలేదు ఆవిడ. "పోతన్నా" అని ఫోను పెట్టేసింది.

పటమటలో మా ఇంటి నుంచి సైటుకి పావుగంట. దారిలో ఏ సిగ్నల్ దగ్గర ఆగానో, ఏది దాటేశానో నాకు తెలియదు.

వెళ్ళేసరికి సాయిశ్రీ కింద మెట్ల మీద కూర్చుని ఉంది. పక్కన సువార్తమ్మ, ఆవిడ పక్కన సగం ఒలికిన నీళ్ళ బకెట్టు.

"లోపలి గదికి గడియ పెట్టాడమ్మా. బకెట్టేసి బాదాను. ఇల్లు కడగాలి, తలుపు తియ్యండి అని అరిచాను. తీశాడు. నవ్వుకుంటా బయటికొచ్చాడు" అంది సువార్తమ్మ. "మళ్ళీ వస్తానని చెప్పి మరీ పోయాడు."

"ఏం జరగలేదక్కా" అంది సాయిశ్రీ. నేనింకా ఏమీ అడగలేదు. ఆఫీసు గుర్తింపు కార్డు మెడలో లేదు, ఒళ్ళో ఉంది. దాని తాడు తెగిపోయింది. తెగిన ముక్కని వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది. "నిజంగా ఏం జరగలేదు. సువార్తమ్మగారు వచ్చేశారు కదా."

రెండో చేత్తో ఫోనులో ఏదో రాస్తోంది. తొంగి చూశాను. రిమార్కు. "ఆసక్తి ఉంది. మళ్ళీ" అని అక్కడిదాకా వచ్చింది.

"ఇలాగే కదక్కా రాయాలి?" అంది. "మీరు పోయినవారం ఇలాగే రాశారని చూశాను."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. దాని చేతిలోంచి ఫోను తీసుకుని ఆ రాసింది చెరిపేశాను. నా ఫోను తీసి గ్రూపులో, అందరూ చూసేచోట, ఇలా పెట్టాను: "పోయిన మంగళవారం ఈ జయంత్ నన్ను 504 గదిలో పెట్టి గడియ వేశాడు. నేను దాచాను. ఇవాళ సాయిశ్రీని అదే గదిలో పెట్టి గడియ వేశాడు. నేను రాసి ఉంటే ఇవాళ ఆ పిల్ల పైకి వెళ్ళేది కాదు. భానుశ్రీ."

నిమిషం కాకుండానే రామకోటేశ్వరరావు గారి ఫోను. సాయిశ్రీ నా మొహంలోకి చూసింది. దానికీ వినపడాలని స్పీకరు పెట్టాను.

"ఏంటమ్మా ఇదంతా గ్రూపులో?" అన్నారు. గొంతులో కంగారు ఉంది. "అసలు ఆ మనిషి ఏమైనా చేశాడామ్మా?"

"చేశాడండీ" అన్నాను. "వారం కిందటే చేశాడు. మీరు బయల్దేరి రండి, పోలీసు స్టేషనుకి వెళ్ళాలి."