ఇస్త్రీ గదిలో ఇంగ్లీషు పరీక్ష

ఈ పని చేసింది మీరే, ఆసుపత్రి మేనేజర్లారా. కాలిన చేతులతో దుప్పట్లు తీసే ఆడవాళ్లని ఏనాడూ ఒక్క ఇంగ్లీషు ముక్కతో పలకరించని మీరు, ఆ భాషలోనే వాళ్ల కూటి మీద పరీక్ష పెట్టారు. పైగా దానికి ‘ప్రమాణాలు’ అని పేరు. సిగ్గు లేకపోతే సరి.

ఆసుపత్రి బట్టల గదిలో స్టీమ్ ప్రెస్ నడిపే ఆమెని అందరూ వదిన అంటారు. పదో తరగతి దాకా చదివిన ఆమె ఆడబిడ్డ అక్కడే దుప్పట్లు మడతపెడుతుంది. ఆ పిల్ల ‘వదినా’ అని పిలవగా పిలవగా గదంతటికీ వదినైపోయింది. కొత్త మేనేజర్ వచ్చీరాగానే, మిషన్ నడిపేవాళ్లు ఇంగ్లీషు పరీక్ష రాయాలన్నాడు. తప్పినవాళ్లు కింద మురికి బట్టల గదికి పోయి, నెత్తురూ చీమూ అంటిన గుడ్డలు ఏరాలి.

వదిన తప్పింది. ‘ఎవ్రీబడీ’ పక్కన ఖాళీలో ‘హ్యావ్’ అని రాసింది. అలాంటివే ఇంకా చాలా. ప్రెస్ నడిపే రెండో మనిషిని అందరూ పిన్ని అంటారు. ఆ ఆవిరిలోనే జుట్టు నెరిసిన ఆవిడా తప్పింది. పిన్నిని ఆ రోజే కిందికి పంపేశారు. ఇద్దరూ పోతే ప్రెస్ ఆగిపోతుంది గనక వదినకి మాత్రం శుక్రవారం ఇంకో పరీక్ష అన్నారు.

నా చోటు నేను వదలను, అనుకుంది వదిన. తిండి వేళ దుప్పటి చెరో కొసా పట్టుకుని ఆడబిడ్డని నిలదీసింది.

“అందరూ అంటే గుంపు కదే. గుంపుకి హ్యాజ్ ఏంటి?”

“వాళ్ల లెక్క అంతే వదినా. ఎవ్రీబడీ అన్నా, ఈచ్ అన్నా, నోబడీ అన్నా ఒక్క మనిషి కిందే లెక్క. గుంపులోంచి ఒక్కొక్కరినీ విడిగా పిలిచినట్టు.”

“అందుకేనా మమ్మల్ని ఒక్కొక్కరినే లోపలికి పిలిచి తిట్టింది?”

“నవ్వించకు, కొస జారుతోంది. సమ్‌బడీ?”

“సమ్‌బడీ హ్యావ్ కమ్.”

“హ్యాజ్.”

“ఎవరో వచ్చారు అంటాం కదే మనం. వచ్చింది దొంగో దొరో తెలీనప్పుడు కాస్త మర్యాదిస్తే వాళ్ల సొమ్మేం పోయింది?”

“మర్యాద తర్వాత, మార్కులు ముందు. మెనీ, ఫ్యూ, బోత్ అంటే గుంపు, అక్కడ హ్యావ్ పెట్టు. సమ్ వచ్చిందనుకో, దేంట్లో కొంతో చూడు. దుప్పట్లలో కొన్ని అయితే ఆర్. నీళ్లలో కొన్ని అయితే ఈజ్.”

“దుప్పట్లు లెక్కపెడతాం, నీళ్లు లెక్కపెట్టం. అంతేనా?”

“అబ్బో. ఇంత తెలివైన పెళ్లాం దొరికిందని మా అన్నకి తెలీదు పాపం.”

“మీ అన్నకి తెలీనివి చాలా ఉన్నాయిలే. ఇంకోటి అడుగు.”

ఇక ప్రెస్‌లోంచి తీసే ప్రతి దుప్పటికీ ఒక వాక్యం. తప్పితే మళ్లీ మొదటికి. పక్కవాళ్లు నవ్వారు. నవ్వనీ అనుకుంది.

ఆ గదిలో ఒక కట్టుబాటుంది. వేడి మీదున్న ప్రెస్‌ని చెయ్యి మారకుండా వదలరు. పని తెలిసిన ఇంకొకరు వచ్చి, పిడి అందుకుని, ‘పట్టాను’ అన్నాకే ముందు మనిషి కదలాలి. శుక్రవారం పని మధ్యలో మేనేజర్ కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు.

“రా. ఇప్పుడు రాయకపోతే తప్పినట్టే.”

“చెయ్యి మారకుండా ఎలా వస్తాను సార్? పిన్నిని పైకి పిలవండి.”

“ఆవిడ ఫెయిల్.”

వదిన ఆవిరి గొట్టం మీది చక్రం తిప్పి మూసేసింది. ప్రెస్ బుస్సుమని చల్లబడింది. గదిలో చేతులన్నీ ఆగిపోయాయి.

“కాగితం ఇలా ఇవ్వండి,” అని మడతల బల్ల దగ్గర నిలబడే రాసింది. మేనేజర్ అక్కడే దిద్దాడు. ఎర్ర సిరా ఎక్కడా పడలేదు.

“చూశావా, చదివితే వచ్చింది. నీ చోటు నీదే. ఇక ఆవిరి వదులు.”

ఆ మాట కోసమే వారమంతా నాలుక అరగదీసుకుంది. చక్రం మీద చెయ్యి వేసింది కూడా. తిప్పబుద్ధి కాలేదు.

“నాకు ఇంట్లో ఆడబిడ్డ ఉంది కాబట్టి వచ్చింది సార్. పిన్నికి ఎవరున్నారు?”

“అది నా సమస్య కాదు.”

“మీరు పెట్టిందే కదా సమస్య.”

“ఎక్కువ మాట్లాడితే నువ్వూ కిందికే.”

“పంపండి. అప్పుడు ప్రెస్ మీరే నడుపుకోండి. ఎక్కడ కాలుతుందో కూడా నేను చెప్పను.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆడబిడ్డ వచ్చి చక్రానికి అవతలి పక్క నిలబడింది. మేనేజర్ పైకప్పు వైపు చూపించాడు. “పైన రోగులకి దుప్పట్లు కావాలి.”

“సాయంత్రం దాకా సరిపడా అల్మారాలో సర్దే పెట్టాను. రోగులకి లోటు రానివ్వను. మీరు నా మాట వినండి. రేపటి నుంచి పని వేళలోనే రోజూ కాసేపు మాకు పాఠం చెప్పించండి. చెప్పాక అడగండి, ఎంత కష్టమైనవైనా అడగండి, రాస్తాం. నేర్పకుండా ఇంకెవర్నీ కిందికి తొయ్యకండి. అవన్నీ రేపటి మాట. ఇప్పుడు, ఈ నిమిషం, పిన్నిని పైకి పిలవండి. ఆవిడ వచ్చి పిడి అందుకుని ‘పట్టాను’ అన్నాకే ఈ చక్రం తిరుగుతుంది.”