శవసైనికుడి కుడి భుజం

లేత్ మామకు కాలు ఒకచోట నిలవడం లేదు. కూర్చుంటాడు, లేస్తాడు, కిటికీ దాకా వెళ్లి వస్తాడు.

ఆదివారం మధ్యాహ్నం, బావమరిది ఇంటి ముందుగది. బల్ల మీద కోట పటం, పాచికలు. తలా ఒక పాత్ర పట్టుకుని కథలో తిరగడం, వేసిన దెబ్బ తగిలిందో లేదో పాచికతో తేల్చుకోవడం, అదీ ఆట. నడిపేది బావమరిది కూతురు. బావమరిది మంత్రగాడు, పక్కింటి దర్జీ ఆవిడ దొంగ, మామ చచ్చి లేచిన సైనికుడు.

శత్రువు శవరాణి కోట గుమ్మంలోకి అడుగుపెట్టగానే పాత్రలన్నిటికీ అరవై ఏళ్లు మీదపడ్డాయని చెప్పింది పిల్ల. "అందరూ బలం తగ్గించుకోండి, తెలివి పెంచుకోండి."

"ఇక నా దొంగ గోడ దూకినట్టే! గోడనే కాస్త వంగమ్మా అని బతిమాలుకోవాలి" అంటూ దర్జీ తన బలం అంకె చెరిపేసింది.

మామ పెన్సిల్ ముట్టుకోలేదు. "చచ్చినోడికి వయసేమిటే? నాది తగ్గదు."

"ఎముకలు అరగవా బావా?"

"ముందు నీ నోరు అరగనీ."

నవ్వారు. మామ నవ్వలేదు. భుజం పట్టేసిందని పోయిన వారమే ఫ్యాక్టరీలో అతన్ని, ఆ పేరు తెచ్చిపెట్టిన, ఇనుము చెక్కే లేత్ మిషన్ మీంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఆ సంగతి ఇక్కడెవరికీ తెలియదు. ఇనప తలుపులు ఒంటిచేత్తో ఎత్తే మనిషిగా అతనికి మిగిలింది ఈ బల్ల ఒక్కటే.

"పేచీ వచ్చింది కాబట్టి నియమం నువ్వే చెప్పు మామయ్యా" అంది పిల్ల.

అది వాళ్ల ఆట పద్ధతి. ఎవరికి నష్టమో వాళ్లే నియమం చెప్పాలి. చెప్పాక అది శత్రువులకూ వర్తిస్తుంది. కడుపు నిండినవాళ్లకు విషం ఎక్కదని చెప్పి దర్జీ ఒకసారి గట్టెక్కింది. ఆ పై వారం రాక్షసుడు సుష్టుగా భోంచేసి ఎదురొచ్చాడు, వీళ్లు దాచుకున్న విషమంతా దండగైంది.

మామ లెక్క వేసుకున్నాడు. లోపల ఉన్నది శవరాణి, ఆమె కూడా తనలా చచ్చి లేచిందే. తనకు బలం తగ్గకపోతే ఆమెకూ తగ్గదు. ఈ ముసలి మంత్రగాడు, ఈ మోకాళ్లు పోయిన దొంగ ఆమె ముందు క్షణం నిలవరు. తగ్గుతుందంటే, చేతులారా తన అంకె తనే కొట్టేసుకోవాలి.

"త్వరగా తేల్చు బావా, కుర్చీ అరుగుతోంది."

మామ మళ్లీ కిటికీ దాకా వెళ్లాడు. అక్కడి నుంచే, వెనక్కి తిరక్కుండా అన్నాడు. "ఒళ్లంతా ఒకేసారి పోదు. ముందు పనిచేసే చెయ్యి పోతుంది. ఇదిగో, ఇంతవరకే లేస్తుంది." కుడి చెయ్యి ఎత్తి చూపించాడు. ఛాతీ దాటి పైకి రాలేదు. "ఎత్తాలని మనసుకు ఉంటుంది. చెయ్యి వినదు. పొద్దున్నపూట మరీను."

పిల్ల రాసుకోబోయి ఆగింది. దర్జీ చేతిలో రబ్బరు అలాగే ఉండిపోయింది.

"ఎప్పట్నుంచి బావా?" బావమరిది గొంతు తగ్గింది.

"కొన్నాళ్లయింది. మిషన్ మీంచి తీసేశారు."

"చెప్పొద్దూ?"

"చెబితే ఏం చేసేవాడివి, మంత్రం వేసేవాడివా?"

"తిట్టేవాణ్ణి. తిట్టి, ఆస్పత్రికి లాక్కెళ్లేవాణ్ణి."

"రేపు తిట్టు. ముందు ఆట కానీ." మామ వచ్చి కూర్చున్నాడు. పెన్సిల్ తీసుకుని, తన అంకె తనే తగ్గించుకున్నాడు. తర్వాత పిల్లవైపు వంగాడు. "రాణి కత్తి పట్టేది కుడిచేత్తోనేగా?"

"కుడిచేత్తోనే."

"అయితే ఇప్పుడది ఛాతీ దాటి లేవదు. ఆ పక్క నుంచి, పైనుంచి కొట్టాలి. దొంగ దూకక్కర్లేదు, మెట్టెక్కితే చాలు. మంత్రగాడా, నువ్వు దీపాలు ఆర్పు. నేను ఎదురుగా నిలబడి ఆమె చూపు మళ్లిస్తా."

"నువ్వెందుకు ఎదురు నిలబడడం?" అంది దర్జీ.

"ఆ చెయ్యి ఎక్కడ ఆగుతుందో నాకు తెలుసు కాబట్టి."

మామ ఎడమచేత్తో పాచిక అందుకుని, వేయకుండా గుప్పిట్లో ఆడిస్తూ ఉండిపోయాడు.

"వెయ్యి మామయ్యా!"

వేశాడు. నలుగురి తలలూ ఒక్కసారే బల్ల మీదికి వంగాయి.